ర్యామ్ తక్కువైతే బుర్ర తక్కువైనట్టా?

ప్రతి ఏడాదీ కౌన్సెలింగ్ అయిపోయి ఫస్టియర్ వాళ్ళు కాలేజీలో అడుగుపెట్టిన వారంలోపే సీనియర్లందరికీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "అన్నా, సీఎస్‌ఈకి ఏ లాప్‌టాప్ కొనాలి?" సిలబస్ ఎలా ఉంటుందని అడగరు. లైబ్రరీ ఎక్కడని అసలే అడగరు. మన సీనియర్లు చెప్పే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఉండాలి తమ్ముడూ. లేకపోతే తర్వాత కష్టం." ఆ ఒక్క మాట సాయంత్రానికి ఫోన్లో ఇంటికి చేరుతుంది. అక్కడ నాన్న 70 వేలు ఎక్కడ్నించి తేవాలా అని లెక్కలు మొదలుపెడతాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివించే ఇళ్ళల్లో 70 వేలంటే వడ్డీకి తెచ్చే డబ్బు.

కొనగలిగినవాళ్ళు కొనుక్కుంటారు, సంతోషం. నా గొడవంతా కొనలేనివాళ్ళ గురించి. వాళ్ళు "నా సిస్టమ్‌లో ఇవేవీ నడవవు బ్రో" అనుకుంటూ రెండేళ్ళు పక్కన కూర్చుంటారు. మూడో ఏడు ప్లేస్‌మెంట్ శిక్షణ మొదలయ్యాక కంగారు పడతారు. పోనీ కొన్నవాళ్ళందరూ ఇరగదీస్తున్నారా అంటే, రాత్రిపూట హాస్టల్ కారిడార్లో ఒక రౌండు వేసి రండి. ఆ గ్రాఫిక్స్ కార్డులు ఏం చేస్తున్నాయో తలుపు బయటికే వినిపిస్తుంది.

అందుకే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకోవచ్చు. కంప్యూటర్ సైన్స్ అనే చదువు అసలు మొదలయ్యేదే మెషీన్ "నా వల్ల కాదు" అన్న చోట. అది అన్నీ చేసేస్తున్నంతసేపూ మనం వాడకందార్లమే. చేయలేనన్నప్పుడు ఎందుకు చేయలేకపోతోందో చూడ్డం మొదలుపెడతాం కదా, అక్కణ్ణించి ఇంజనీర్లం. ఈ మాటకి సాక్ష్యాలు వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. మనకిష్టమైన గేముల్లోనూ సినిమాల్లోనూ బోలెడున్నాయి.

గేముల సంగతి

1978లో జపాన్‌లో టైటో కంపెనీ "స్పేస్ ఇన్వేడర్స్" అనే ఆర్కేడ్ గేమ్ తెచ్చింది. దాన్ని తయారుచేసినాయన తొమొహిరో నిషికడో. పైన 5 వరసల్లో 55 మంది గ్రహాంతరవాసులు, కింద మనం. వాళ్ళు దిగేలోపు కాల్చుకుంటూ పోవాలి. ఆడినవాళ్ళకి తెలుసు, ఒక్కొక్కరూ పోయేకొద్దీ మిగిలినవాళ్ళు వేగం పెంచుతారు. చివరికి ఒక్కడే మిగిలేసరికి వాడు తెర మీద పరుగులు పెడుతుంటాడు, మన గుండె కూడా వాడితోపాటే పరిగెడుతుంది.

ఇది పదిమంది మీటింగ్ పెట్టుకుని తేల్చిన ఐడియా కాదు. లోపలున్న ఇంటెల్ 8080 ప్రాసెసర్‌కి అన్ని బొమ్మల్నీ ఒకేసారి కదిలించే ఓపిక లేదు. బొమ్మలు తగ్గేకొద్దీ దానికి పని తగ్గి, మిగిలినవి చకచకా కదిలాయి. నిషికడో అది గమనించి, బాగుందే అని అలాగే ఉంచేశాడు. ఆడేకొద్దీ కష్టం పెరగాలన్న సంగతి ఇవాళ ప్రతి గేమ్‌లోనూ ఉంది. ఇక్కడ మాత్రం అది ఒక ప్రాసెసర్ నీరసంలోంచి పుట్టింది.

ఇంకొకటి చూడండి. 1985లో వచ్చిన "సూపర్ మారియో బ్రదర్స్" సైజు 40 కేబీ. ఎంబీ కాదండీ, కేబీ. 32 లెవెల్స్, బొమ్మలు, సంగీతం, మొత్తం కలిపి అంతే. మన ఫ్యామిలీ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో మామూలుగా అంతకంటే పెద్దదే ఉంటుంది. అంత ఇరుకులో సర్దడానికి వాళ్ళు చేసిన పనుల్లో ఒకటంటే నాకు భలే ఇష్టం. ఆకాశంలో తేలే మబ్బు, నేల మీద ఉన్న పొద, రెండూ ఒకే బొమ్మ. తెల్లరంగు వేస్తే మబ్బు, పచ్చరంగు వేస్తే పొద. ఇన్నేళ్ళుగా ఇంతమంది ఆడారు, ఎవరికీ ఏదో తక్కువైందనిపించలేదు. ఒకే ఫంక్షన్‌కి వేరే ఆర్గ్యుమెంట్ పంపడం అని మనకి మొదటి సెమిస్టర్లో చెప్పేది ఇదే. బోర్డు మీద చెప్తే నిద్రొస్తుంది, మారియోలో చూస్తే మర్చిపోలేం.

1999లో ప్లేస్టేషన్ మీద వచ్చిన "సైలెంట్ హిల్" సంగతీ అంతే. ఆ ఊరంతా దట్టమైన మంచు. నాలుగడుగుల అవతల ఏముందో కనిపించదు, అందుకే భయం. ఆ మెషీన్‌కి దూరంగా ఉన్న వీధులూ ఇళ్ళూ గీసే సత్తా లేదు. కనిపించకపోతే గీయక్కర్లేదు కదా! దాన్ని కప్పిపుచ్చడానికి వాడిన మంచే ఆ గేమ్‌కి గుర్తింపైపోయింది. 2006లో దాన్ని సినిమాగా తీసినప్పుడు కంప్యూటర్ల బలం ఎంతో పెరిగింది. అయినా ఆ మసకని మాత్రం వాళ్ళు వదల్లేదు.

సినిమావాళ్ళకి ముందే తెలుసు

సినిమా అనగానే గుర్తొచ్చింది. రాజమౌళి అంటే మనందరికీ పెద్ద సెట్లు, పెద్ద యుద్ధాలు. నన్నడిగితే ప్రోగ్రామర్లు నాలుగుసార్లు చూడాల్సిన సినిమా 2012లో వచ్చిన "ఈగ". కథ మొదట్లోనే హీరో చచ్చిపోతాడు, ఈగై పుడతాడు. అంటే హీరోకి డైలాగుల్లేవు. పంచ్‌ల్లేవు. మనిషి ముఖమే లేదు, ఇక హావభావాలెక్కడ? తెలుగు కమర్షియల్ సినిమాకి చేతికందే ఆయుధాలన్నీ డైరెక్టరే తీసి పక్కన పెట్టేశాడు. దాంతో ప్రతి సీన్‌లోనూ ఈ విషయాన్ని మాట లేకుండా ఎలా చెప్పాలి అని ఆలోచించక తప్పలేదు. తల ఊపడం, కాళ్ళు చేతుల్లా ఆడించడం, కారు అద్దం మీద రాసి విలన్‌కి వార్నింగివ్వడం, ఇవన్నీ ఆ ఇబ్బందిలోంచి వచ్చినవే. ఆ సినిమాకి ఉత్తమ తెలుగు చిత్రంగానూ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కీ జాతీయ అవార్డులు వచ్చాయి.

అంతకు పాతికేళ్ళ ముందే ఇంకొకాయన ఇంకా పెద్ద సాహసం చేశాడు. సింగీతం శ్రీనివాసరావు గారు. "మాయాబజార్"కి కె.వి.రెడ్డి గారి దగ్గర అసిస్టెంటుగా పనిచేసిన మనిషి, 1987లో కమల్ హాసన్‌తో అసలు మాటలే లేకుండా "పుష్పక విమానం" తీశారు. టాకీలు వచ్చి అరవై ఏళ్ళకి దగ్గరపడుతున్న రోజుల్లో! మాటల్లేకపోవడంతో ఏమైంది? డబ్బింగ్ అక్కర్లేకపోయింది. అదే సినిమా తమిళంలో "పేసుమ్ పడం", హిందీలో "పుష్పక్" అయింది. జావావాళ్ళు 1990లలో ఒకసారి రాసుకుంటే ఎక్కడైనా నడుస్తుందని ఊరూరా చెప్పుకున్నారు. సింగీతం గారు దాన్ని 1987లోనే చేసి చూపించేశారు.

దీనికి ఎదురు ఉదాహరణలూ మనకి తెలియనివి కావు. వందల కోట్లు పెట్టి, గ్రాఫిక్స్ మాత్రం తేలిపోయిన సినిమాలు మనం చూశాం. పేర్లు చెప్తే ఫ్యాన్స్ హాస్టల్ దాకా వచ్చేస్తారు, వద్దులెండి. డబ్బులు ఎక్కువున్నంత మాత్రాన ఆలోచన రాదని తెలిస్తే చాలు.

కోడ్ దగ్గరికొద్దాం

ఇప్పుడు మన సబ్జెక్టు. 1999లో ఇడ్ సాఫ్ట్‌వేర్ "క్వేక్ 3 అరీనా" విడుదల చేసింది. 2005లో దాని సోర్స్ కోడ్ మొత్తం అందరికీ ఇచ్చేసింది. అందులో ఒక చిన్న ఫంక్షన్ ఉంది. ఒక సంఖ్య వర్గమూలంతో 1ని భాగిస్తే ఎంతొస్తుందో అది చెప్తుంది. త్రీడీ గేమ్‌లో వెలుతురు ఏ కోణంలో పడుతోందో లెక్కవేయాలంటే ఈ పని సెకనుకి ఎన్ని వేలసార్లు చేయాలో! అప్పటి ప్రాసెసర్లకి వర్గమూలం, భాగహారం రెండూ బరువైన పనులు.

వాళ్ళేం చేశారంటే, దశాంశ సంఖ్య మెమరీలో ఏ బిట్లుగా ఉంటుందో ఆ బిట్లనే పూర్ణసంఖ్య అనుకుని చదివారు. దాన్ని ఒక బిట్ కుడికి జరిపారు. ఒక వింత సంఖ్యలోంచి తీసేశారు. వచ్చినదాన్ని మళ్ళీ దశాంశ సంఖ్యగా చదివితే జవాబుకి దగ్గరగా ఉంటుంది. దాని మీద ఒక్కసారి న్యూటన్-రాఫ్సన్ పద్ధతి వాడితే తప్పు 0.2 శాతం లోపలికి వచ్చేస్తుంది. వెలుతురు లెక్కకి అది చాలు.

న్యూటన్-రాఫ్సన్ అంటే గుర్తొచ్చిందా? మ్యాథ్స్ పేపర్లో పది మార్కుల ప్రశ్న. "ఇది జీవితంలో ఎక్కడ వాడతాం సార్?" అని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇదిగో, ఇక్కడ వాడతాం. రాకెట్లు పేలుతుంటే గోడ మీద వెలుగు సరిగ్గా పడ్డానికి వాడతాం.

ఇవాళ ఈ చిట్కా ఎవరికీ పెద్దగా అక్కర్లేదు. ఆ పనికి ప్రాసెసర్లలో విడిగా ఒక ఇన్‌స్ట్రక్షనే ఉంది. కాబట్టి చిట్కా బట్టీపట్టమని నేను చెప్పడంలేదు. ఆ నాలుగు లైన్లు రాయాలంటే ఏమేం తెలిసుండాలో చూడండి. దశాంశ సంఖ్యలు మెమరీలో ఎలా ఉంటాయి? బిట్లు జరిపితే ఏమవుతుంది? ఎంత తప్పుని భరించొచ్చు? మెషీన్ మెత్తగా నడుస్తున్నంతకాలం ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటీ మనకి తట్టదు.

మెషీన్ బలంగా ఉంటే?

మరి మెషీన్ బలంగా ఉంటే ఏ బాధా ఉండదా? దానికో కథ ఉంది. మన హాస్టల్లో జీటీఏ 5 తెలియనివాడు లేడు. దాని ఆన్‌లైన్ వెర్షన్ 2013 నుంచీ ఉంది. అందులోకి వెళ్ళాలంటే చాలామందికి నిమిషాలకి నిమిషాలు లోడింగ్ స్క్రీన్. మంచి సిస్టమ్ కొంటే తగ్గుతుందనుకునేవాళ్ళు. పెద్దగా తగ్గలేదు.

2021లో ఒక ప్రోగ్రామర్‌కి విసుగొచ్చింది. తన సిస్టమ్‌లో దాదాపు 6 నిమిషాలు పడుతోంది. సోర్స్ కోడ్ ఎవరూ ఇవ్వలేదు. ఆ ప్రోగ్రామ్ ఎక్కడ సమయం తినేస్తోందో కొలిచి, మెషీన్ కోడ్ విప్పి చూశాడు. లోపల ఉన్నది చూస్తే మన డేటా స్ట్రక్చర్స్ మేడమ్ తల పట్టుకునేవారు. గేమ్‌లో కొనుక్కునే సామాన్ల జాబితా, 10 ఎంబీల జేసన్ ఫైల్. అందులో దాదాపు 63 వేల ఐటెమ్‌లు. ఒక్కో ముక్క చదివినప్పుడల్లా, మిగిలిన టెక్స్ట్ పొడవెంతో మొదట్నించీ కొలుస్తోంది. అది చాలదన్నట్టు, కొత్త ఐటెమ్ జాబితాలో పెట్టేముందు ఇది ఇప్పటికే ఉందా అని అప్పటిదాకా పెట్టినవాటన్నిటితో పోల్చి చూస్తోంది. 63 వేల ఐటెమ్‌లకి ఇలా చేస్తే దాదాపు 200 కోట్ల పోలికలు! హ్యాష్ టేబుల్ పెడితే అయిపోయేదానికి.

అతను ఆ రెండూ సరిచేస్తే 6 నిమిషాలు కాస్తా 2 నిమిషాల లోపుకి వచ్చింది. విషయం బయటపెట్టాక రాక్‌స్టార్ కంపెనీ నిజమేనని ఒప్పుకుని, అప్‌డేట్ ఇచ్చి, అతనికి 10 వేల డాలర్లు బహుమతి కూడా ఇచ్చింది.

నాకిందులో నచ్చింది ఆ డబ్బు కాదు. ఇన్నేళ్ళూ కోట్లమంది దగ్గర లక్షల రూపాయల సిస్టమ్‌లు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ లూప్‌ని బాగుచేయలేదు. సెకండియర్ రెండో యూనిట్ పాఠం గుర్తున్న ఒక బుర్ర బాగుచేసింది. మనం "బిగ్ ఓ" అని పరీక్ష ముందురోజు రాత్రి తిట్టుకుంటూ చదివేది ఇదేనండీ.

వికటకవి పరీక్ష

ఇది తెలుగు సాహిత్యం క్లబ్ పత్రిక కాబట్టి మన ఇంటి ఉదాహరణ ఒకటి చెప్పాలి. తెనాలి రామకృష్ణుడి బిరుదు తెలుసుగా, వికటకవి. ఎటునించి చదివినా ఒకటే. పైథాన్ ల్యాబ్‌లో పాలిండ్రోమ్ ప్రోగ్రామ్ అందరం చేసే ఉంటాం. స్ట్రింగ్ తిప్పి, అసలుదానితో పోల్చడం, ఒక్క లైను. అందులో ఇంగ్లిష్ మాటకి బదులు "వికటకవి" ఇచ్చి చూడండి.

ఫాల్స్ అంటుంది. రాయలవారి ఆస్థానంలో నిలబడి "నువ్వు వికటకవివి కావు" అని రామకృష్ణుడికే చెప్పేస్తుంది!

కారణం ఏంటంటే, మనకి కనిపించేవి 5 అక్షరాలు: వి, క, ట, క, వి. యూనికోడ్‌లో అవి 7 ముక్కలు. "వి" అంటే ఒక వ, దాని మీద విడిగా ఒక గుడి. తిప్పినప్పుడు గుడి ముందుకొచ్చి గాల్లో వేలాడుతుంది, వ వెనకపడుతుంది. "అమ్మ" పొడవెంతో అడిగితే 4 అంటుంది. అ, మ, పొల్లు, మళ్ళీ మ. ఒత్తు కూడా దానికి ఒక అక్షరం, దాన్ని అతికించే పొల్లు ఇంకో అక్షరం.

కంప్యూటర్‌ది తప్పనలేం. దానికి తెలిసింది అంతే. గుణింతం గుర్తు వస్తే ముందు అక్షరానికి అంటించు, పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్నీ కలుపు, అని మనం నేర్పితే నేర్చుకుంటుంది. పదిపదిహేను లైన్ల ప్రోగ్రామ్. దానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఒకటో తరగతిలో దిద్దిన గుణింతాలు గుర్తుంటే చాలు. ఇది మీ ఫోన్లో రాసినా నడుస్తుంది.

ఇదేం చిన్న విషయం కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లని క్రాష్ చేసింది. "జ్ఞా"లో మధ్యన కంటికి కనిపించని ఒక గుర్తు ఇరుక్కుని మెసేజ్‌లో వస్తే యాప్ మూతపడేది, మళ్ళీ తెరుచుకునేది కాదు. యాపిల్ హడావిడిగా 11.2.6 అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది. అప్పట్లో ఖరీదైన ఐఫోన్ దాదాపు లక్ష రూపాయలు. అంత ఫోన్ మన "జ్ఞా" ముందు బోర్లా పడింది. జ్ఞానం ముందు ఎంత ఖరీదైన హార్డ్‌వేరైనా ఇంతే అనుకుని అప్పుడు నవ్వుకున్నాం సరే. కానీ మన లిపి మీద సరిగ్గా పరీక్షలు రాసేవాళ్ళు అక్కడ ఎవరుండాలి? మనం కాకపోతే ఎవరు?

మనకంటే ముందువాళ్ళు ఆ పని చేశారు కూడా. కంప్యూటర్లో తెలుగు అక్షరమే కనిపించని 1990లలో, అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్ళు ఆర్‌టీఎస్ అనే పద్ధతి తయారుచేశారు. ఆ "ఆర్" రైస్‌దే. చేతిలో ఉన్నది 26 అక్షరాల ఇంగ్లిష్ కీబోర్డు. మనకి త, ట వేరు, న, ణ వేరు, ల, ళ వేరు. మరెలా? చిన్న "టీ" కొడితే త, పెద్ద "టీ" కొడితే ట. చిన్న "ఎన్" న, పెద్ద "ఎన్" ణ. కొత్త కీబోర్డు కొనలేదు, ఎవర్నీ బతిమాలలేదు, షిఫ్ట్ కీ వాడుకున్నారంతే. తర్వాత లేఖిని లాంటి సాధనాలు అదే పద్ధతితో వేలమంది చేత తెలుగు రాయించాయి. ఇవాళ మనం వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకుంటున్నామంటే, ఆ ఆలోచనకి అప్పట్లో దారి వేసినవాళ్ళలో వాళ్ళున్నారు.

ఇది పేదరికానికి భజన కాదు

ఇక్కడిదాకా చదివి "అయితే డొక్కు సిస్టమే మంచిదంటావా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న.

అనను. సింగీతం గారు మాటలు వద్దని తనే అనుకున్నారు. ఈగని హీరోగా రాజమౌళే ఎంచుకున్నాడు. మనం ఎంచుకున్న ఇబ్బంది వేరు, మన నెత్తిన పడ్డ ఇబ్బంది వేరు. ఉపవాసం గొప్పదనాన్ని ఆకలితో ఉన్నవాడికి చెప్పకూడదు. 4 జీబీ ర్యామ్ మీద ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, అది తెరుచుకునేలోపు టీ తాగి వచ్చే స్నేహితుడికి "పరిమితిలోనే సృజన ఉంది బ్రో" అని చెప్తే కొట్టాలి. నన్ను కూడా. పెద్ద మోడళ్ళకి ట్రైనింగ్ ఇవ్వాలన్నా, త్రీడీలో యానిమేషన్ చేయాలన్నా బలమైన మెషీన్ కావాల్సిందే. అందులో వాదన లేదు.

కాబట్టి ఒక డిమాండు కూడా పెడుతున్నాను. కాలేజీ ల్యాబుల్లో మంచి సిస్టమ్‌లు ఉన్నాయి. సాయంత్రం అయ్యేసరికి వాటికి తాళం పడుతుంది. లాప్‌టాప్ లేని విద్యార్థికి ఖాళీ దొరికేది సాయంత్రం తర్వాతే. ఒక్క ల్యాబ్ రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచి ఉంచితే, ఎన్నో ఇళ్ళల్లో 70 వేల అప్పు ఒక ఏడాదైనా వెనక్కి జరుగుతుంది. కాపలాకి సీనియర్లం వంతులు వేసుకుని కూర్చుంటాం. ఈ మాట విద్యార్థి ప్రతినిధులు పైకి తీసుకెళ్ళాలని నా మనవి.

సీనియర్లకి కూడా ఒక మాట. "గ్రాఫిక్స్ కార్డు లేకపోతే కష్టం" అని జూనియర్‌కి చెప్పేముందు, మొదటి రెండేళ్ళ సిలబస్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సీ, పైథాన్, జావా, డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్. వీటిలో దేనికి గ్రాఫిక్స్ కార్డు కావాలి? పాత సిస్టమ్ మీద తేలికైన లినక్స్ వేసుకుంటే ఇవన్నీ హాయిగా నడుస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ వేసుకుంటే పైథాన్, సీ రెండూ నడుస్తాయి. ఎప్పుడైనా జీపీయూ అవసరమైతే గూగుల్ కోలాబ్ ఉచితంగానే కొంతసేపు ఇస్తుంది. "ముందు ఉన్నదాంతో మొదలుపెట్టు తమ్ముడూ, మూడో ఏడు అవసరాన్ని బట్టి చూద్దాం" అని చెప్తే వాళ్ళ నాన్న ఆ రాత్రి నిద్రపోతాడు.

మరి ఏఐ?

ఇప్పుడు కొత్త పదహారు జీబీ ఏఐ. అడిగితే కోడ్ ఇచ్చేస్తోంది కదా, ఇంకా ఈ బిట్ల గొడవ మనకెందుకు అంటారు. నేనూ వాడతాను, వాడొద్దని చెప్పను. కానీ జీటీఏ కథ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ కోడ్ తప్పు కాదు. పనిచేసింది. ఏళ్ళ తరబడి పనిచేసింది. 6 నిమిషాలు తింటూ పనిచేసింది. ఏఐ ఇచ్చేది కూడా చాలాసార్లు పనిచేసే కోడే. "ఇంతసేపు ఎందుకు పడుతోంది?" అన్న అనుమానం మాత్రం మనకి రావాలి. ఆ అనుమానం రావాలంటే ఇది ఎంతలో అవ్వాలో ఒక అంచనా ఉండాలి. ఆ అంచనా చిన్న మెషీన్ల మీద, చిన్న ప్రోగ్రామ్‌లతో కుస్తీపట్టినవాళ్ళకి తొందరగా వస్తుంది. వికటకవి పరీక్ష ఏఐ రాసిన కోడ్‌కి కూడా పెట్టి చూడండి. పాసైతే ఎలా పాసైందో చదవండి. ఫెయిలైతే ఎక్కడో మీరు చెప్పగలగాలి.

ఒక పోటీ పెడదామా?

బయట ప్రపంచంలో కావాలని ఇరుకు గదుల్లోకి వెళ్ళి ఆడుకునేవాళ్ళున్నారు. పికో-8 అనే ఊహా గేమ్ మెషీన్ ఉంది. తెర 128 చుక్కలు అటు, 128 చుక్కలు ఇటు, రంగులు 16. 2015లో ఇద్దరు దాని మీద నాలుగు రోజుల్లో ఒక చిన్న గేమ్ చేశారు, పేరు "సెలెస్ట్". అదే పెరిగి 2018లో ప్రపంచమంతా మెచ్చుకున్న పెద్ద గేమ్ అయింది. జేఎస్13కే అని ఏటా జరిగే ఇంకో పోటీలో గేమ్ మొత్తం జిప్ చేస్తే 13 కేబీలో పట్టాలి. మారియోకి దొరికిన చోటులో మూడో వంతు అన్నమాట.

మన తెలుగు క్లబ్బు, కోడింగ్ క్లబ్బు కలిసి అలాంటిదే ఒకటి పెడితే బావుంటుంది. నియమాలు నేనే ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, గేమ్ మొత్తం 40 కేబీ దాటకూడదు, మారియో మీద గౌరవంతో. రెండు, తెలుగు అక్షరాలతో ఆడేదై ఉండాలి: పదవినోదం, పొడుపుకథ, ఛందస్సులో గురులఘువులు పట్టుకునే ఆట, మీ ఇష్టం. మూడు, జడ్జీలు దాన్ని ల్యాబ్‌లో అన్నిటికంటే పాత సిస్టమ్ మీద నడిపి చూస్తారు. నాలుగు, వికటకవి అని కొడితే అది ఎటునించి చదివినా ఒకటేనని ఒప్పుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ళూ రావచ్చు, లేనివాళ్ళూ రావచ్చు. ఆ 40 కేబీలో అందరిదీ ఒకే ర్యామ్. గెలిచేవాళ్ళు ఏ లాప్‌టాప్ మీద రాశారో అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. వచ్చే ఏడాది ఫస్టియర్ వాళ్ళు వచ్చి "అన్నా, ఏ లాప్‌టాప్ కొనాలి?" అని అడిగితే, ముందు ఆ గేమ్ వాళ్ళ ఫోన్లో ఆడించండి. లాప్‌టాప్ మాట తర్వాత మాట్లాడొచ్చు.